చిన్నదాని పోలిక

మూడో నెల స్కానింగులోనే డాక్టరమ్మ చెప్పింది, కడుపులో ఇద్దరున్నారని, ఇద్దరికీ మాయ ఒకటేనని, పుట్టాక అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉంటారని. ఆ రోజు నుంచి మా అత్తగారు ఏది కొన్నా రెండేసి కొన్నారు. ఒకే రంగు, ఒకే కొలత. ఎవరెవరో ఎలా గుర్తుపట్టాలని ఊళ్ళో అందరినీ అడిగేవారు.

ఎనిమిదో నెలలోనే అమలాపురంలో ఆపరేషన్ చేసి తీశారు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది రెండు కిలోల పైన ఉంది, ఒళ్ళంతా ఎర్రగా, బుగ్గలు పొంగి. చిన్నది కిలోంబావు. కాగితంలా పాలిపోయి ఉంది. నాకు దాన్ని చూపించింది ఒక్క క్షణమే. గుడ్డలో చుట్టి నా ముఖం దగ్గరకు తెచ్చి, వెంటనే కాకినాడ తీసుకెళ్ళాలన్నారు. అంబులెన్సులో మా ఆయన వెళ్ళారు. నేను పెద్దదాన్ని పక్కలో వేసుకుని కొత్తపేట దగ్గర మా అత్తవారి ఊరు వచ్చేశాను.

చిన్నది ఇరవై ఆరు రోజులు కాకినాడలో అద్దాల పెట్టెలో ఉంది. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. సెలవు పెట్టి అన్ని రోజులూ ఆ ఆసుపత్రి వరండాలోనే గడిపారు. నాకు కుట్ల దగ్గర చీము పట్టడంతో ప్రయాణం చెయ్యనివ్వలేదు. రోజూ ఫోనులో బరువు చెప్పేవారు. ఫొటో పంపమంటే లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరని అనేవారు.

ఇంటికి తెచ్చి దాన్ని నా ఒళ్ళో పెట్టినప్పుడు నేను ఏడుస్తానని అందరూ అనుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. తల రెండు పక్కలా నొక్కినట్టు సన్నగా, పొడుగ్గా ఉంది. కోల ముఖం. చామనఛాయ. పక్కనే పెద్దది గుండ్రంగా, పచ్చగా, గుప్పెళ్ళు బిగించి నిద్రపోతోంది. చిన్నదాని చేతికి పేరు పట్టీ లేదు. మణికట్టు మరీ సన్నం కావడంతో జారిపోయిందట. ప్లాస్టరు ముక్క మీద నా పేరు రాసి కాలికి అతికించారు. ఆ ముక్కను నేను చాలాసేపు చూశాను.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు పెద్దదాన్ని చూసి నవ్వేవారు, తర్వాత చిన్నదాన్ని చూసి నా వైపు చూసేవారు. ఇంటికి తెచ్చిన పదో రోజున చిన్నదానికి నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ పడుతూ, తల ఎత్తకుండానే అత్తగారు అన్నారు.

"అమ్మాయ్, ఒక మాటంటాను, మరోలా అనుకోకు. ఈ పిల్లలో మనవాళ్ళ పోలిక ఎంత వెతికినా దొరకట్లేదే. అక్కడేమన్నా మారిపోయిందంటావా?"

కాదనాల్సింది. అలా అనకండి అనైనా అనాల్సింది. నేను తువ్వాలు అందించి ఊరుకున్నాను. పది రోజులుగా ఆ మాట నా నోట్లోనే నానుతోంది.

మా ఆయన చెవిన పడేసరికి అన్నం ముందు నుంచి లేచిపోయారు. ఇంకోసారి ఆ మాట ఇంట్లో వినపడకూడదన్నారు. కానీ అంతకు ముందే, తనకు తెలియకుండానే, మాకు ఒక సంగతి చెప్పి ఉన్నారు. చిన్నదాని పక్క పెట్టెలో ఐ.పోలవరం వైపు వాళ్ళ పాప ఉండేదట. అదీ నెలలు నిండకుండా పుట్టిందే, ఇంచుమించు అదే బరువు. ఇద్దరినీ ఒకే రోజున పంపించారు. ఆ పాప తండ్రికి రొయ్యల చెరువులున్నాయి. వరండాలో వీళ్ళిద్దరూ ఒకే క్యారేజీలో అన్నం తినేవారు. అతని నంబరు మా ఆయన ఫోనులో ఉంది.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ నంబరు రాసుకున్నాను. బడివేళ చూసి ఫోను చేస్తే ఆడగొంతు పలికింది, ఆ పాప తల్లి. మా పిల్లా మీ పిల్లా కాకినాడలో పక్కపక్కనే ఉన్నారు కదా, పాపను చూసిపోదామనుకుంటున్నామని చెప్పాను. ఎందుకని అడగలేదు. "రండి" అంది, అంతే.

అత్తగారికి ఒక్కరికే అసలు సంగతి చెప్పాను; మిగతావాళ్ళతో చిన్నదానికి ఇంజెక్షన్ వేయించడానికి అమలాపురం వెళ్తున్నామన్నాం. పెద్దదాన్ని తోడికోడలికి అప్పగించి, చిన్నదాన్ని తీసుకుని నేనూ అత్తగారూ బయల్దేరాం. ముమ్మిడివరం దాటాక ఆటో మాట్లాడుకున్నాం. రోడ్డుకు రెండు పక్కలా చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. దేవుడికి దణ్ణం పెట్టుకుందామనుకున్నాను. ఏమని పెట్టుకోవాలో తెలియలేదు.

చెరువుగట్టు పక్కన చిన్న డాబా ఇల్లు. ఆ అమ్మాయి నాకంటే చిన్నది. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఎదురుగా చాప మీద కూర్చుంది. పాపను ఒడిలోంచి దించలేదు. నేను పిల్ల బరువు గురించి, పాల గురించి ఏదో మొదలుపెట్టబోతే మధ్యలోనే ఆపింది.

"మీరెందుకొచ్చేరో తెలుసండి. మా ఇంట్లోనూ ఇదే మాట. మా రెండు వైపులా ఎవరికీ లేని రంగండి దీనిది. మా ఆడపడుచైతే పైకే అనేసింది."

అంతవరకూ నాది ఉత్త అనుమానమే. ఆ మాటతో అది నిజమేననిపించింది. ఆమె పాపను చాప మీద పడుకోబెట్టింది.

"చూడండి. ఎత్తుకోవద్దు మాత్రం."

పక్కనే మా చిన్నదాన్ని పడుకోబెట్టాను. ఆ పిల్ల ముఖం గుండ్రంగా ఉంది. రంగు పచ్చన. నుదురు మా పెద్దదాని నుదురులాగే అనిపించింది. పుట్టుమచ్చ కోసం, చెవి తమ్మెల కోసం, కాలివేళ్ళ కోసం చూశాను. ఏ గుర్తూ దొరకలేదు. దొరకాలని చూశానో, దొరకకూడదని చూశానో ఇప్పటికీ చెప్పలేను. మా అత్తగారి చెయ్యి ముందుకు కదిలింది. ఆ అమ్మాయి చెయ్యి అడ్డుగా వచ్చింది. ఆవిడ తన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"పరీక్ష చేయించి, తేడా ఉందని తేలిందనుకోండి. అప్పుడేం చేస్తారండీ?" అని ఆ అమ్మాయి నన్నడిగింది. నా జవాబు కోసం ఆగకుండా తనే చెప్పింది. "నేనైతే ఇవ్వనండి. ఇది మీ పిల్లయినా ఇవ్వను."

గొంతు పెంచలేదు. పాపను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని కొంగు కప్పేసింది. అప్పుడే మా చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. నేను వంగేలోపే అత్తగారు దాన్ని ఎత్తి భుజాన వేసుకున్నారు. ఆటో ఎక్కేదాకా దించలేదు.

ఆ సాయంత్రమే మా ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు. అరుగు మీద చాలాసేపు కూర్చుని లోపలికి వచ్చి, "నేను ఎంత అరిచినా నీ మనసులోంచి ఇది పోదు. పరీక్ష చేయిద్దాం," అన్నారు.

అమలాపురంలో ఒక ల్యాబులో పిల్లలిద్దరి బుగ్గల లోపలా దూదిపుల్లతో రాసి తీసుకున్నారు. మా ఇద్దరివీ తీసుకున్నారు. జవాబు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు.

ఆ మూడు వారాల్లో నేను చేసింది రాయడం నాకు కష్టంగానే ఉంది. ఇద్దరికీ సరిపోవడం లేదన్న సాకు పెట్టి, పెద్దదానికి నా పాలిచ్చి, చిన్నదానికి సీసా పట్టాను. దానికి కావలసినవన్నీ వేళకు చేశాను. కానీ చేతులతోనే చేశాను. రేపు ఎవరైనా వచ్చి తీసుకుపోతే తట్టుకోవాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అనుమానం మొదట పైకి అన్న మా అత్తగారు మాత్రం ఐ.పోలవరం నుంచి వచ్చిన దగ్గర్నుంచి దాన్ని వదల్లేదు. గుండెలకు కొంగుతో కట్టుకుని ఇంటి పనంతా చూసుకునేవారు. నా వంక ఒకసారి అదోలా చూసి అన్నారు.

"పుల్ల పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. ఏ కాగితం వచ్చినా ఇది నా మనవరాలే. నువ్వూ తొందరగా తేల్చుకో అమ్మాయ్."

కాగితం వచ్చింది. ఇద్దరూ మా పిల్లలే. ఒకే పిండం రెండైన కవలలే. పిల్లల డాక్టరుగారు తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. ఒకే మాయలో రక్తనాళాలు కలిసిపోయి ఒకరి రక్తం రెండోవారికి పోయిందట. అందుకే ఒకరు ఎర్రగా బొద్దుగా, ఒకరు పాలిపోయి ఎండిపోయినట్టు పుట్టారు. పెట్టెలో అన్ని రోజులు పక్కకి తిప్పి పడుకోబెట్టడం వల్ల తల అలా నొక్కుకుందని, కామెర్లకు పెట్టిన దీపాల వల్ల రంగు తగ్గిందని అన్నారు. ఇది మాకు ముందే చెప్పిన వాళ్ళు లేరు. చెప్పారేమో, మేం వినే స్థితిలో లేమేమో.

ముందుగా ఆ అమ్మాయికే ఫోను చేశాను. సంగతి చెబితే "ఆయ్" అంది. తర్వాత ఏడుపు వినిపించింది. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు పిల్లలకు ఆరేళ్ళు. మూడో ఏడు వచ్చేసరికే ఇద్దరి ముఖాలూ కలిసిపోయాయి. బడిలో టీచర్లు తికమక పడుతుంటారు. చిన్నది నన్ను విసుక్కున్నా, అలిగి మామ్మ దగ్గరకు పోయినా, ఆ మూడు వారాలే గుర్తొస్తాయి. పిల్లలన్నాక అలుగుతారని మా ఆయన నవ్వేస్తారు.

మొన్న ఇద్దరూ నా ఫోనులో తమ పసినాటి ఫొటోలు చూస్తున్నారు. చిన్నది పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు వెతికి, "అమ్మా, ఇందులో అన్నీ అక్కవేనే. నావేవీ?" అంది.

ఆ రోజుల్లో నేను తీసినవన్నీ పెద్దదాని ఫొటోలే.

"నువ్వు అప్పుడు మామ్మ దగ్గర ఉండేదానివి," అన్నాను. అబద్ధం కాదు. అది తలూపి, "మామ్మ ఫోనులో ఉంటానేమో," అని లేచి పెరట్లోకి పరిగెత్తింది.