క్రేను ఆగిన ఏడు నిమిషాలు

ఇరవై రెండేళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. లేచిన వేళ, నిద్రపోయిన గంటలు, ఆ రోజు ఎత్తిన కాయిళ్లు, వాటి టన్నులు, అన్నీ గడులు గీసి నింపుతాను. ఓడరేవును ఆనుకుని ఉన్న ఒక ప్రైవేటు యార్డులో నేను క్రేను ఆపరేటరును. ఉక్కు రేకును చాపలా చుట్టి పంపుతారు. ఆ చుట్టనే కాయిల్ అంటాము. ఒక్కొక్కటి పద్దెనిమిది టన్నులకు తగ్గదు. నలభై రెండు మెట్లెక్కి క్యాబిన్‌లో కూర్చుని, కింద నిలబడిన సిగ్నల్‌మన్ ఈలనూ చేతి సైగనూ బట్టి దాన్ని లేపి దించడం నా పని. నా డైరీలో అబద్ధం ఎన్నడూ రాయలేదు. యార్డు లాగ్‌బుక్‌లో మాత్రం ఒకటి రాశాను.

అది గురువారం, ఉదయం పదీ పది. కాయిల్ మనిషి ఎత్తుకు లేచింది. ఉన్నట్టుండి గుండె గొంతులోకి వచ్చి కొట్టుకోసాగింది. అరచేతులు తడిసిపోయాయి. లివరు మీదున్న కుడిచేయి నాది కానట్టయింది. చచ్చిపోతున్నానన్న తలంపు తప్ప మరొకటి లేదు. ఎడమచేత్తో ఎర్ర బటను నొక్కగలిగాను, క్రేను ఆగిపోయింది. తిరిగి చేయి కదిలేసరికి ఏడు నిమిషాలు గడిచాయి. అంతసేపూ పద్దెనిమిది టన్నుల ఉక్కు గాలిలో ఊగుతూనే ఉంది. దానికి రెండు గజాల దూరంలో సిగ్నల్‌మన్ ఉన్నాడు.

దిగి వచ్చాక అతడు నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏటి బావా, పైన తొంగున్నావేటి? ఈల ఊది ఊది నా దవడలు పడిపోనాయి!"

"కరెంటు ట్రిప్పయింది బావా," అన్నాను. లాగ్‌బుక్‌లోనూ అదే రాసి సంతకం చేశాను.

నిజానికి నాలుగు నెలల్లో అది ఆరోసారి. మొదటి అయిదుసార్లూ ఇంట్లోనో బస్సులోనో వచ్చింది. ఇంట్లో గ్యాస్ అన్నారు, బస్సులో పక్కనున్నాయనా గ్యాస్ అనే అన్నాడు. రెండుసార్లు ఇసిజి తీయించుకున్నాను. రెండూ సవ్యంగానే ఉన్నాయి. రెండోసారి చూసిన డాక్టరు, "గుండెకేమీ లేదు, మనసుకు వైద్యం చేసేవారికి చూపించండి," అని ద్వారకా నగర్‌లోని ఒక క్లినిక్ చిరునామా చీటీ మీద రాసిచ్చాడు. దాన్ని మడిచి డైరీ అట్టలో పెట్టాను. ఆ గురువారం నాటికి అది అక్కడ చేరి అరవై ఒక్క రోజులు.

యార్డు ఎలక్ట్రీషియన్ పాతనగరం మనిషి, నాకంటే రెండేళ్లు పెద్ద. నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను బావ అంటాడు. నేను రాసిన ఒక్క వాక్యం పట్టుకుని ఆయన మూడు రోజులు క్రేను ప్యానెల్ విప్పి కూర్చున్నాడు. కరెంటును కలిపి విడదీసే కాంటాక్టర్లు తుడిచాడు, కేబులు పొడవునా తడిమి చూశాడు. ఏమీ దొరకలేదు. సోమవారం మధ్యాహ్నం ఆయన చేతికి మెమో వచ్చింది: లోపం కనిపెట్టలేకపోయినందుకు రెండు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆ కాగితంతోనే గేటు దగ్గర టీ బడ్డీకి వచ్చాడు.

"నిజం సెప్పు బావ. ప్యానెల్లో ఏటీ నేదు. మూడ్రోజుల్నుంచి దెయ్యం పట్టినోడిలా దాని సుట్టూ తిరగతన్నాను. పైన నీకేటి కనిపించింది?"

"ట్రిప్పయింది భాయ్," అన్నాను మళ్లీ. టీ తాగకుండా వచ్చేశాను.

మంగళవారం ఉదయం నా భార్య క్యారేజీ కడుతోంది. ఆమె ఒక కోచింగ్ సెంటరు ఆఫీసులో గుమస్తా. నేను డైరీలో 'నిద్ర: మూడు గంటలు' అని రాస్తుండగా నా భుజం మీదుగా చూసి మూత గట్టిగా వేసింది.

"మీ పుస్తకంలో నాకో గడుందేటండీ?"

"దేనికి?"

"మీరు లేచి కూకుంటే నాను పడుకుని నిద్దర నటిత్తన్నాను. మీకు సిన్నతనంగా ఉంటాదని. మా అమ్మ అడిగితే గ్యాసని సెప్పేను, మీ అన్నయ్య అడిగితే గ్యాసని సెప్పేను. ఆఫీసులో నా కళ్లు సూసి ఏటైందంటే నాక్కూడా గ్యాసే అన్నాను. ఇంటి మగోడి పరువు కాయడానికి ఇంకెంతమందికి గ్యాస్ పెట్టమంటారు?"

నాకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వలేదు. నాలుగు నెలల గడులు వెనక్కి తిప్పి చూశాను. ఇంట్లో ఇద్దరు నిద్రపోవడం లేదు. లెక్క ఒక్కడిదే రాశాను.

బస్సులో వెళుతుంటే నాన్న గుర్తుకు వచ్చాడు. మాది జాలరిపేట. నాకు పన్నెండేళ్లప్పుడు చిన్నాన్న వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆడవాళ్లు ఒడ్డున ఇసుకలో కూర్చుని గుండెలు బాదుకుంటూ ఏడ్చారు. మగవాళ్లు కొంచెం ఎడంగా కూర్చుని వలలు బాగుచేశారు. నేను అమ్మ పక్కన చేరబోతే నాన్న తల ఎత్తకుండానే పిలిచాడు.

"ఆడోళ్ల కాడ నీకేటి పని? ఇలా రా, సూదందుకో."

అందుకున్నాను. ఆ తరువాత తొమ్మిదేళ్లపాటు నాన్న ఇంట్లో పడుకోలేదు. వానకాలంలో కూడా టార్పాలిన్ కప్పుకుని పడవ పక్కనే పడుకున్నాడు. కష్టజీవి అన్నారు చూసినవాళ్లంతా. ఆయనకు నిద్ర పట్టేదా అని అడిగినవారు లేరు, నేనూ అడగలేదు. ఏడ్చిన అమ్మకు మాత్రం మిగిలిందేమిటి? మూడో రోజు చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వెళ్లింది. ఏ వంతు ఎవరిదో ముందే నిర్ణయమై ఉంది.

యార్డులో మొదట ఎలక్ట్రీషియన్ దగ్గరకే వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"అరె, నా సేత మూడ్రోజులు ఫ్యూజులు లెక్కెట్టించావు కదయ్యా!" అన్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇలా విను. మెమో సంగతి నాను సూసుకుంటాను. పాత కేబులని రాసేత్తాను. నువ్వు మాత్రం రాయకు. మగోడు భయపడ్డాడని లాగ్‌బుక్కులో ఎవడైనా రాత్తాడేటి? క్రేను మీంచి దింపేత్తారు నిన్ను."

ఆయన ప్రేమతోనే అన్నాడు. దింపేస్తారన్నదీ నిజమే. ఆ క్యాబిన్ తప్ప నాకు మరో పని తెలియదు. కాని ఈసారి చేయి రాకపోతే ఉక్కు కింద ఉండేది సిగ్నల్‌మన్. నన్ను నమ్మి రెండు గజాల దూరంలో నిలబడే మనిషి. కొత్త కేబులు వేసినా నా చేయి బాగుపడదు.

లాగ్‌బుక్ తెరిచి, పాత వాక్యం కొట్టివేయకుండా, దాని కింద రాశాను: 'గురువారం క్రేను ఆగినది విద్యుత్ లోపం వల్ల కాదు. ఆపరేటరుకు భయంతో గుండెదడ వచ్చి చేయి కదలలేదు. బటను నేనే నొక్కాను. ఎలక్ట్రీషియన్ తనిఖీలో పొరపాటు లేదు.' సంతకం చేసి మేనేజరు ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "భయం అనే మాట అవసరమా? అనారోగ్యం అని రాస్తే మీకూ గౌరవంగా ఉంటుంది కదా."

"జరిగింది అదేనండి," అన్నాను. "మార్చను."

మెమో వెనక్కి తీసుకున్నారు. నన్ను ఆ రోజే క్యాబిన్ నుంచి తప్పించారు. సాయంత్రం చీటీ తీసి, భార్యను వెంటబెట్టుకుని ద్వారకా నగర్ వెళ్లాను. డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి ఎవరెన్ని గంటలు నిద్రపోతున్నారో అడిగింది.

ఇది జరిగి అయిదు నెలలు. మందు వేసుకుంటున్నాను, పదిహేను రోజులకొకసారి వెళ్లి మాట్లాడి వస్తున్నాను. డైరీలో నిద్రకు రెండు గడులున్నాయి. నిన్న నాకు ఆరు, ఆమెకు ఆరున్నర. తిరిగి క్యాబిన్ ఎక్కనిస్తారో లేదో ఇంకా తేలలేదు. ప్రస్తుతం కింద నిలబడి ఈల ఊదుతున్నాను. మొదటి నెలంతా "భయం బావా, కాయిల్ దించమంటావా?" అని తోటివాళ్లు ఎగతాళి చేశారు. దించమనే ఈల ఊదాను.

మొన్న డ్యూటీ దిగాక నా స్థానంలోకి వచ్చిన ఆపరేటరు బూటు లేసు కట్టుకునే నెపంతో వెనకబడ్డాడు.

"బావా, ఆ డాక్టరమ్మ ఎక్కడుంటాదీ? నాక్కాదు. మా తోడల్లుడికి."

ఇప్పటికి ముగ్గురు అడిగారు, ముగ్గురూ తోడల్లుళ్ల కోసమే. చిరునామా, వెళ్లవలసిన వేళలు స్పష్టంగా రాసి అతడి చేతిలో పెట్టాను.

"అరవై రోజులు జేబులో పెట్టుకోవద్దని చెప్పు మీ తోడల్లుడితో," అన్నాను.