నా వాటా మాడు

ఈరోజు పొద్దున పక్కింటి బర్రె ఈనిందని జున్నుపాలు వచ్చాయి. బెంగళూరు నుంచి సెలవుకు వచ్చిన మా అమ్మాయి బెల్లం, ఏలకులు వేసి తనే జున్ను వండింది. అడుగంటింది. మెత్తని జున్నంతా డబ్బాలో సర్ది ధర్మవరంలో ఉండే చిన్నాయన కోసం పక్కన పెట్టింది. అడుగున గీకిన మాడును ప్లేటులో వేసి నా ముందుంచింది. “నీకిష్టమని గీకినా నాయనా, తిను” అంది. తిన్నాను. ఆ ఇష్టం నేను తెచ్చిపెట్టుకున్నదే కదా.

ఆ చిన్నాయన నాకు తోడల్లుడు. పట్టుచీరల వ్యాపారి. అంగడి బోర్డులు తప్ప మరో అక్షరం చదివిన పాపాన పోలేదు. నేను పదో తరగతితో బడి మానినా, అనంతపురం గ్రంథాలయంలో ఫ్యాను కింది బల్ల నాదే అనిపించుకున్నవాణ్ణి. మేఘం మా బుక్కరాయసముద్రం మీదుగా పోతూ కురవదెందుకన్నది మొదలు, చిన్నప్పుడు అమ్మాయికి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేది. అందుకే, ఉద్యోగంలో చేరిన కొత్తలో మా రెండిళ్ళవాళ్ళనూ బెంగళూరులో స్పెయిన్ భోజనానికి పిలిచిందనగానే లైబ్రరీకి పోయి ఆ దేశం సంగతులన్నీ చదివిపెట్టుకున్నాను. అమ్మాయి మళ్ళీ నన్నే అడగాలి, ఆయన నోరు తెరుచుకుని వినాలి. అదీ నా ఆశ. శనివారం ఒక్కపొద్దని ఆడవాళ్ళు రాలేదు. మేం ముగ్గురమే కూర్చున్నాం.

అక్కడి తిండిని టాపాస్ అంటారు. అన్నీ చిన్న చిన్న ప్లేట్లు, నడుమ పెట్టుకుని అందరూ పంచుకోవాలి. ఏమీ చెప్పకముందే మా తోడల్లుడు అన్నాడు: “తీపి పడకుండా కారం యాడన్నా తింటారామ్మా? ముందు ఆ తీపి తెప్పియ్యి.” మన విస్తట్లో తీపి మొదట పడేమాట నిజమే. వాళ్ళకది చివర్న వస్తుందని నేను నోరు తెరిచేలోగా అమ్మాయి నవ్వుతూ తెప్పించేసింది. పైన నల్లగా కాలి, లోపల వణుకుతున్న చీజ్‌కేక్.

నేను అందుకున్నాను. స్పెయిన్లో పూర్వం ఈగలు వాలకుండా గ్లాసు మీద చిన్న ప్లేటు మూత పెట్టేవారట, ఈ పద్ధతి అలా పుట్టిందట. ఆలివ్ తోటల దగ్గరికి వచ్చేసరికి ఆయన చెంచా నోట్లోంచి తీసి, “ఇది మా వదిన అడుగంటిచ్చిన జున్నే కదమ్మా. తలకిందులుగా పెట్టినారంతే” అన్నాడు. అమ్మాయి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. “అచ్చం అదే, చిన్నాయనా.” ఇక ఇద్దరూ చెంచాలు ఆపలేదు. నేను ఆలివ్ తోటలు దాటి చూస్తే ప్లేటులో కాలిన అంచు మిగిలింది.

“అయ్యో, నీకు పెట్టనే లేదే నాయనా. ఇంకోటి చెప్తా ఉండు.”

“మీ నాయనకు మాటలతోనే కడుపు నిండిండాది లేమ్మా” అన్నాడాయన.

“ఏం వద్దు. తెలిసినోళ్ళు తినేది ఈ కాలిందే” అన్నాను.

“అవునా నాయనా?” ఆ పూటంతా అమ్మాయి నన్నడిగిన ప్రశ్న అదొక్కటే. అవునన్నాను.

అప్పటినుంచి ఇంట్లో ఏది మాడినా, గీకి, దాచి, ప్రేమగా నాకే పెడుతుంది. ఏళ్ళ మీద నా నాలుక ఆ చేదుకు అలవాటు పడింది, ఒక్కోసారి నిజంగానే బాగుంటుంది కూడా. మెత్తని జున్ను మాత్రం మూత బిగించుకుని ధర్మవరం బస్సెక్కుతుందే, అది ఎంత కాలం గడిచినా నాకు మింగుడు పడటం లేదు.