గేటు యాప్‌లో పనిమనిషి

ఇల్లు లేనివాళ్లకు ఇల్లిప్పించే సంస్థలో చేరి ఆరేళ్లయింది. షెల్టర్ కాదు, ఇల్లే. దేశ రాజధానిలో, ద్వారక వైపు అపార్ట్‌మెంట్ సొసైటీల్లో ఫ్లాట్లు అద్దెకు తీసుకుని, ఫుట్‌పాత్ మీద బతికిన ఆడవాళ్ల చేతికి తాళంచెవి ఇస్తాం. ఆ తర్వాత రేషన్ కార్డుకైనా, ఆసుపత్రికైనా వెంట ఉంటాం. చెప్పుకోవడానికి బావుంటుంది. నేను బాగా చెప్పేదాన్ని కూడా.

పలాస నుంచి భర్తతో కూలిపనికి వచ్చి, అతను పోయాక అశోకా రోడ్ పక్కన తొమ్మిదేళ్లు ఫుట్‌పాత్ మీదే ఉన్న ఒకామెకు ఫ్లాట్ దొరికింది. తెలుగామె కాబట్టి బాధ్యత నాకు అప్పగించారు. ఓనరు ఒప్పుకున్నాడు గానీ సొసైటీ కమిటీ నసిగింది. అక్కడ గేటు దాటాలంటే ఫోన్ యాప్‌లో పేరుండాలి. అద్దెకున్నవాళ్లుగా పేరెక్కాలంటే కమిటీ సంతకం కావాలి. "వచ్చే మీటింగ్‌లో చూద్దాం మేడమ్" అన్నాడు సెక్రటరీ. పనిమనిషిగా ఎక్కించడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఫ్లాటు సంస్థ తరఫున నా ఫోన్‌కే కలిపి ఉంది. ఆమె ఫోటో పెట్టి నొక్కేశాను. రెండు వారాలే కదా అనుకున్నాను.

"ఫోన్లో రాత మాత్రమే అక్కా, ఇల్లు నీదే" అని ఆమెకు చెప్పాను.

నాలుగు నెలలు గడిచాయి. మీటింగ్ జరగలేదు, నేనూ అడగలేదు. ఆమె వెనక గేటులోంచి వచ్చి, సామాన్ల లిఫ్టెక్కి తన ఇంటికి వెళ్లేది. బయటికెళ్లేటప్పుడు పనివాళ్లందరితో పాటు ఆమె సంచీ కూడా గార్డు విప్పించేవాడు. ఒక్కసారీ నాతో అనలేదు. నాకేమో రోజూ మెసేజ్ వచ్చేది, మీ పనిమనిషి లోపలికి వచ్చిందని. హమ్మయ్య, ఇంటికి చేరింది అనుకుని మురిసిపోయేదాన్ని. ఎంత సిగ్గులేనితనం!

ఒకరోజు మధ్యాహ్నం కుక్కరు హ్యాండిల్ ఊడితే, బాగుచేయించడానికి సంచీలో వేసుకుని బయల్దేరింది. గార్డు ఆపాడు.

"కుక్కర్ కిస్కా హై? మేడమ్ కీ పర్మిషన్ దిఖావో."

కుక్కరు నాదే, మేడమ్ పర్మిషన్ ఎందుకు చూపించాలి అంది. అతను నవ్వాడట. నాకు ఫోన్ చేశాడు. దాతల ముందు నిలబడి ఆ ఇంటి గురించే గొప్పలు చెబుతున్నాను, ఎత్తలేదు. గంటసేపు ఎండలో, గేటు పక్కన, తన కుక్కరు పట్టుకుని నిలబడింది.

సాయంత్రం నేను వెళ్లేసరికి మూట కట్టుకుని ఉంది. తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"తొమ్మిదేళ్లు రోడ్డు మీదున్నానమ్మా. నా సంచీ ఎవులూ ఇప్పనేదు."

"రేపే మార్పిస్తాను అక్కా, ఒట్టు."

"మార్పిస్తావులే. మరి ఇన్నాళ్లూ ఏటి సేసినావు?"

కుక్కరు స్టవ్ మీదే వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు కమిటీ ఆఫీసులో గొంతు పెంచాను. పది నిమిషాల్లో సంతకం పెట్టారు. నాలుగు నెలల్లో ఆ పది నిమిషాలు నాకు దొరకలేదన్నమాట. కాగితం పట్టుకుని మూడుసార్లు అశోకా రోడ్ వెళ్లాను. ఆమె మొహం తిప్పుకోలేదు, టీ కూడా ఇప్పించింది. రానంటే రానంది.

ఆ ఫ్లాట్‌లోకి ఇంకొకామె రావాలంటే పనిమనిషిగా ఉన్న పాత పేరు తీసేయాలి. కారణం ఎంచుకోమంది యాప్. దొంగతనం, ప్రవర్తన బాగోలేదు, పని మానేసింది. మూడింట్లో ఒకటి నొక్కితే తప్ప పేరు పోదు. 'పని మానేసింది' నొక్కాను.