డిక్రీ వచ్చాకే కత్తెర

కోదాడలో బట్టలు కుట్టే మా శైలజత్తకి అనుమానం ఎక్కువ. గ్యాస్ సిలిండర్ వస్తే సీలు తనే వంగి చూస్తుంది. ఎవరైనా జాకెట్టు గుడ్డ తెస్తే వాళ్ల ముందే కొలిచి, "చూసుకోండి, తర్వాత నన్ను అనొద్దు" అంటుంది. ఈ గుణం ఊరికే రాలేదు. మామయ్య పోయిన కొత్తలో, పింఛను కోసమని ఆయన తమ్ముడు తెచ్చిన ఖాళీ కాగితం మీద సంతకం పెట్టింది. చిలుకూరు దగ్గరి పొలం అలా పోయింది.

అలాంటి అత్త మళ్లీ పెళ్లి చేసుకుంటానంది! పెళ్లికొడుకు నరేందర్, సూర్యాపేటలో మోటార్లు బాగుచేస్తాడు. కాలిపోయిన మిషన్ మోటారు ఆయన దగ్గరికి తీసుకెళ్లి, ఎక్కడ పాత తీగే మళ్లీ చుడతాడోనని పక్కనే కాపలా నిలబడిందట. ఆయన నవ్వి, కొత్త తీగ చుట్ట ఆమె చేతికే ఇచ్చాడు. "నువ్వే పట్టుకో మేడం" అని. అక్కడ పడిపోయింది మా అత్త.

పెళ్లి గుడిలో, వెంటనే రిజిస్ట్రేషన్ అనుకున్నారు. ఏమేం కావాలో ముందే ఆఫీసుకెళ్లి అడిగొచ్చింది. ఆధార్లు, వయసు రుజువులు, ఫొటోలు, సాక్షులు, మామయ్య మరణ ధ్రువపత్రం. నరేందర్‌కి విడాకులయ్యాయి కాబట్టి కోర్టు డిక్రీ. అది తప్ప అన్నీ వచ్చేశాయి. అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు.

"కాగితం ఉన్నది శైలజా. మా పెద్దమనిషి పిచ్చయ్య కాడున్నది. ఆయనేమో బిడ్డ కాడికి సాగర్ పోయిండు."

"కోర్టు కాగితం పెద్దమనిషి దగ్గరెందుకుంటుంది?"

"జర ఆగరాదు, ఆయన రాంగనే తెస్త."

అత్త ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "ఉమా, వీడికి పెళ్లాం ఉంది. పద నిడమనూరు."

నరేందర్ మొదటి భార్య కవిత పుట్టిల్లు అదే. మిర్యాలగూడలో బస్సు మారి వెళ్లేసరికి ఆమె ఇంటి ముందు వడ్లు ఆరబోస్తోంది. అత్త సూటిగా అడిగేసింది. "నరేందర్‌ని చేసుకోబోయేదాన్ని. మీరు విడిపోయింది నిజమేనా?"

కవిత కాలితో వడ్లు నెరపడం ఆపింది. "గాయన పంపిండా? సామాన్లు గిట్ల వాపస్ అడుగుమన్నడా?"

"ఎవరూ పంపలేదు. అనుమానమొచ్చి నేనే వచ్చా."

"నాకు మీ మీదనే వస్తున్నది అనుమానం."

అయినా లోపలికెళ్లి లామినేషన్ చేయించిన స్టాంపు కాగితం తెచ్చింది. "సూడుండ్రి. ముట్టొద్దు." పంచాయితీలో రాసుకున్న కాగితం అది. ఇకమీద ఒకరితో ఒకరికి సంబంధం లేదని రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టారు. కింద పిచ్చయ్య, మిగతా పెద్దమనుషులు. రెండో కాపీయే పిచ్చయ్య దగ్గరుంది. విడాకులంటే అదేనని ఇద్దరూ నమ్మారు.

"నాకు గూడ సంబంధం ఖాయమైంది. శ్రావణంల పెళ్లి" అంది కవిత.

అత్త అరుగు మీద కూలబడింది. "ఈ పంచాయితీ కాగితాలు నడవవని ఆఫీసులో ముందే చెప్పారమ్మా. కోర్టు లెక్కలో నువ్వింకా ఆయన భార్యవే."

"నా పెళ్లి చెడగొట్టనీకె ఇద్దరు కలిసి నాటకమాడుతున్నరా?"

"నన్ను నమ్మకు. మిర్యాలగూడలో నీకు తెలిసిన వకీలుంటే నువ్వే వెళ్లి అడుగు."

తిరుగు బస్సులో అత్త సంతోషంగా కనిపించింది. "కవిత మంచి మనిషే. ఎవరినీ నమ్మట్లేదు."

నరేందర్‌ని నిలదీస్తే తలపట్టుకున్నాడు. "అరే, తెగిపోయిందని పెద్దమనుషులంత అన్నరు గద! కోర్టెందుకు మళ్ల?" అది నిజమో కాదో అత్త తేల్చుకోలేదు. కవిత ఫోను వచ్చేదాకా పెళ్లి మాట ఎత్తొద్దంది.

ఫోను వచ్చింది. "వకీలు గూడ గదే అన్నడక్కా. కోర్టుల విడాకులకు ఎప్పుడు పోదాం?"

సూర్యాపేటలో వకీలు బల్ల దగ్గర ఆడవాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని, పరస్పర అంగీకార విడాకుల అర్జీని ఒక్కో లైనూ చదివారు.

"ఖాళీ జాగ ఏమన్న ఉన్నదా అక్కా?"

"ఇదిగో ఇక్కడ. గీత కొట్టించు."

వకీలు విసుక్కుంటూనే గీత కొట్టాడు. నరేందర్ నాతో గొణిగాడు. "నన్ను నమ్మనోళ్లిద్దరు ఒక్కటైండ్రు. నేను ఖతం."

డిక్రీకి నెలలు పడుతుందట. రెండు పెళ్లిళ్లూ వాయిదా. మొన్న నరేందర్ పెళ్లి చొక్కాకి తెల్ల గుడ్డ పట్టుకుని కోదాడ వచ్చాడు.

"గిప్పుడన్న నమ్మినవా నన్ను?"

అత్త టేపు తీసి ఆయన భుజాలు కొలిచింది. గుడ్డ కూడా కొలిచి మడత పెట్టింది. "చూసుకో, తర్వాత నన్ను అనొద్దు. డిక్రీ వచ్చాకే కత్తెర."

"మరి నా బట్టకు రసీదేది?"

అత్త పగలబడి నవ్వింది. నవ్వుతూనే రసీదు రాసిచ్చింది.