పళ్లకు చెప్పడం మరిచాను

కళింగపట్నంలో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నాకంటే గుండ్రంగా విసురు వల పరిచేవాడు లేడు. ఈ మాట అనేది నేనొక్కడినే అనుకోండి. దాలయ్యంటే నేనే అని విర్రవీగుతుండగా పక్షవాతం వచ్చి మెట్ల మీద బోర్లా పడ్డాను. కుడిచెయ్యి పడిపోయింది, ముందుపళ్లు రాలిపోయాయి. నోరు మాత్రం పడిపోలేదని మా ఆవిడ గౌరి బాధ.

శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేసే షాలిని మేడమ్ పరీక్షగా చూసి, "చేతిలో లోపం లేదు, లోపమంతా బుర్రలో" అంది.

"ఆ సంగతి పెళ్లైన కాడ్నుంచీ నాకెరికే మేడమ్" అంది గౌరి.

చెయ్యి కదలకముందే, ఏ కండ ముందు కదలాలో ఏది వెనకో మెదడు అనుకుని హుకుం పంపుతుందట. నాకు ఆ దారి దెబ్బతింది. వల విసరడాన్ని ముందు మనసులో చేసి చూసుకుంటూ కసరత్తు చేస్తే కొత్త దారి పడొచ్చంది. సరే, మంచం మీద పడుకుని రోజూ విసిరాను. మనసులో ఒక్క చేపా తప్పించుకోలేదు. చెయ్యి మాత్రం కొత్తల్లుడిలా బతిమాలితేగానీ లేచేది కాదు. ముద్ద నోటికి తెమ్మంటే దారిలోనే దించేసేది.

వల ఊరికే పాడవుతోందని బావమరిది నాగబాబు గొణిగాడు. "ఈ పున్నమికి ఇసరలేకపోతే నువ్వే అట్టుకుపో" అనేశాను. అన్నాకే తెలిసొచ్చింది: వల లేకపోతే నేను ఇంట్లో ఇంకో మంచం కోడునే.

పున్నమినాడు పొద్దున్నే మొగలో మోకాలిలోతు దిగాను. ఒడ్డున గౌరీ నాగబాబూ నిలబడ్డారు. వల తాడు ఎడమ మణికట్టుకు కట్టుకుని, అలవాటుగా అంచు పళ్లతో కరిచిపట్టాను. భుజమా లే, మోచెయ్యా సాగు, నడుమా తిరుగు, వేళ్లూ వదలండి అని పేరుపేరునా చెప్పుకుంటూ విసిరాను. అన్నీ మాట విన్నాయి. పళ్లకు చెప్పడం మరిచాను. ఇన్నేళ్లూ నోరు దానంతటదే తెరుచుకునేది మరి. ఇప్పుడున్నవి కట్టుడు పళ్లు. వలతో పాటే ఎగిరిపోయాయి.

"సేపల్ని కరిసి తెమ్మని పళ్లని పంపినావేటి బావా?" అని నాగబాబు ఒడ్డున పడి దొర్లాడు.

సిగ్గేసి చటుక్కున నోరు మూసుకున్నాను. గౌరి నవ్వు ఆగిపోయింది.

"ఓలమ్మ! అది ఏ సెయ్యి? సూసుకున్నావా?"

చూసుకున్నాను. నోటికి అడ్డంగా ఉన్నది కుడిచెయ్యి. దానికి నేనేమీ చెప్పలేదు. తన సిగ్గు కొద్దీ తనే లేచింది. నాకు ఏడుపొచ్చింది, పళ్లు లేని నోటితో అది కూడా సరిగ్గా రాలేదు.

నాగబాబు దిగొచ్చి వల లాగి, నా కుడి భుజం మీద వేశాడు. వలలో నాలుగు కొయ్యంగ చేపలు పడ్డాయి. పళ్లు పడలేదు.