ముందు గుమ్మంలోంచే వస్తాను

మా అత్తగారు ఇస్త్రీ కొట్టు పెట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. మాట పడే మనిషి కాదు. కాలర్ మాడ్చావని ఎవరైనా అరిస్తే చొక్కా వెలుగులో పట్టి చూపించి, "మాడింది నీ బుర్ర" అనేది.

పెద్దవీధి చివరి మహలుని మ్యూజియం చేశారని తెలిసిన రోజు కొట్టు మూసేసి, "పదవే, చూసొద్దాం" అంది నాతో.

ఆ మహలు ఆవిడకి కొత్త కాదు. చిన్నతనమంతా వాళ్ళమ్మతో కలిసి అక్కడికి ఉతికిన బట్టలు మోసింది. పనివాళ్ళకి వెనక మెట్లే దారి. ఒకసారి ఉన్నట్టుండి వాన పట్టుకుంటే, మూట తడవకూడదని ముందు వసారాలోకి ఎక్కేసిందట. మేనేజరు తిట్టలేదు, కొట్టలేదు. బకెట్ తెప్పించి, తొక్కిన మెట్లన్నీ ఆ పిల్ల చేతే కడిగించాడు. వాళ్ళమ్మ పక్కనే నిలబడి ఒక్క మాటా అనలేదు. "అదేనే నాకు మింగుడుపడనిది" అనేది అత్తగారు.

మేం వెళ్ళేసరికి ముందు తలుపులకి తాళం. "దారి వెనక నుంచమ్మా" అన్నాడు గార్డు.

"వెనక దారి నాకు తెలుసు నాయనా. ఇదే తెలీదు. తియ్యి."

అతను వెళ్ళి ఆఫీసరమ్మని పిలుచుకొచ్చాడు. ఆవిడ మర్యాదగానే చెప్పింది. "గుమ్మం దాటగానే రంగురాళ్ళు పొదిగిన నేల ఉందండీ. ఎక్కడో తవ్వకాల్లో దొరికితే ఈ ఇంటివాళ్ళు తెచ్చి పరిపించారు. జనం తొక్కితే అరిగిపోతుంది. ఎంత పెద్దవాళ్ళొచ్చినా వెనక నుంచే."

"పెద్దవాళ్ళకేం, వాళ్ళకది సరదా."

"పోనీ, వెళ్ళేటప్పుడు ముందు నుంచి పంపిస్తాను, సరేనా?"

"బయటికి పంపడానికి ఏ తలుపైతేనేం తల్లీ! నన్ను లోపలికి రమ్మనాలి."

నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. నేనొక్కదాన్నే వెనక నుంచి వెళ్ళి చూసొచ్చాను. ఏమేం ఉన్నాయో చెప్పబోతే ఆవిడ చెవులు మూసుకుంది. "చెప్పకు. నేను చూస్తాను."

ఆనాటి నుంచి కొట్టుకి సెలవైతే చాలు, వెళ్ళి ఆ ముందు మెట్ల మీద కూర్చునేది. మొదట్లో విసుక్కున్న గార్డు తర్వాత్తర్వాత మంచినీళ్ళిచ్చేవాడు. మా ఆయన మాత్రం మండిపడ్డాడు. "నీ పంతం కోసం మహలుని తిప్పి కడతారా అమ్మా?"

"కట్టేదాకా కూర్చుంటాను. నాకేం తొందర?"

వానలు తగ్గాక ఒకరోజు, నేనూ పక్కనే ఉన్నాను, లారీ వచ్చి ఆగింది. బాగుచేయడానికి పంపిన రాతి గుర్రం తిరిగొచ్చింది. మనిషెత్తు ఉంది. వెనక తలుపులో పట్టదు. తాళం తీశారు. నేల మీద మందపాటి చెక్కలు పరిచి, పదిమంది కూలీలు "ఆఁ, ఇంకొంచెం!" అంటూ దాన్ని లోపలికి నెట్టారు.

అత్తగారు లేచి జుట్టు సవరించుకుంది. గుమ్మం దగ్గర ఆఫీసరమ్మ అడ్డం వచ్చింది. "అమ్మా, ఆగండి..."

"చెక్కలున్నాయిగా. గుర్రం ఎక్కితే అరగని నేల నేనెక్కితే అరుగుతుందా?"

ఆఫీసరమ్మ ఉండబట్టలేక నవ్వేసింది. పక్కకి తప్పుకుని, "రండి" అంది.

"ఏమన్నావు?"

"లోపలికి రండమ్మా."

అప్పుడు కదిలింది. తల దించకుండా, చెక్కల మీద నెమ్మదిగా నడిచింది. ముక్కులు విరిగిన రాతి తలలు, అతికించిన కుండలు, అద్దాల వెనక నాణేలు, ఒక్కటీ వదల్లేదు. పెద్ద హాల్లో ఆ ఇంటివాళ్ళ నిలువెత్తు చిత్రం ముందు ఆగిపోయింది. అందరివీ తెల్లటి బట్టలు. చాలాసేపు చూసింది.

"ఆ తెలుపు మా అమ్మది" అంది పైకే. చూడ్డానికొచ్చిన వాళ్ళు వెనక్కి తిరిగారు. తిరగనీ అన్నట్టు ఇంకోసారి అంది.

ఇంతలో గార్డు వచ్చి, "మూసే టైమయిందమ్మా" అన్నాడు.

"పై అంతస్తు ఇంకా చూడలేదు" అని ఆవిడ మెట్లెక్కడం మొదలుపెట్టింది. గార్డు నావైపు చూశాడు. నేనూ ఆవిడ వెనకాలే ఎక్కాను.