చర్చిలో నాన్నకు తలాషీ

ఈ రోజు మా ముత్తంగి చర్చిలో తండ్రుల ఆదివారం. పిల్లలు తమ తండ్రికి శాలువా కప్పి, దేవునికి కృతజ్ఞతలు చెప్పి, నాన్న గురించి రెండు మాటలు మాట్లాడాలి. ఆ రెండు మాటలకు నేను రెండు పేజీలు రాసుకున్నాను.

శాలువాతో దగ్గరికి వెళ్లగానే నాన్న చటుక్కున రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడ్డాడు. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ గేటు దాటే ముందు ఇరవై ఏళ్లుగా రోజూ సెక్యూరిటీ వాళ్లు జేబులు తడిమి తనిఖీ చేసేందుకు అలాగే నిలబడుతున్నాడు మరి. చర్చంతా నవ్వింది.

“ఏంది బావా, ఈడ గూడ తలాషీనేనా?” అని మామయ్య అరిచాడు.

“ఏం జేయాలె, అలవాటైంది,” అంటూ నాన్న సిగ్గుపడి చేతులు దించబోయాడు.

నా చిన్నప్పుడు డ్యూటీ నుంచి రాగానే మా గుమ్మంలోనూ ఇలాగే నిలబడేవాడు. అక్కడ సెక్యూరిటీ నేనే. జేబులు వెతికితే పల్లీపట్టీ దొరికేది.

“చేతులు దించకు నాన్నా,” అని కాగితాలు మడిచి, ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. కళ్లజోడు, కానుక కవరు తగిలాయి.

“ఏం దొరకలేదా మేడం? ఇగ పోనిస్తవా?” అన్నాడు, అప్పటిలాగే.

పోనివ్వలేదు. శాలువా కప్పి గట్టిగా పట్టుకున్నాను. రెండు పేజీలూ చదవనే లేదు.

మీ నాన్న జేబులో మీకేం దొరికేదో చెప్పండి.